పత్తి వేయడం రైతు ఇష్టమేనా?

తొలకరి పడగానే గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మైదానంలో ప్రతి రైతు ఇంట్లోనూ ఒకే తర్జనభర్జన. ఈ ఏడు పత్తి వేద్దామా, మిర్చి నాటుదామా, కందో శనగో వేసి గండం గట్టెక్కుదామా? కౌలుదారు ఇంట్లో అయితే దానికి ముందు ఇంకో ప్రశ్న ఉంటుంది: అసలు భూమి దొరుకుతుందా, దొరికితే కౌలెంత? ఊరి పల్లెలో కూలీ ఇంట్లో ప్రశ్న వేరు: ఏ పైరు వేస్తే మనకు ఎన్నాళ్ల పని?

ఈ తర్జనభర్జనను దూరం నుంచి కొలిచే వాళ్లున్నారు. ఏ రైతు ఏది ‘ఎంచుకుంటాడు’, ఎంత ధరకు విత్తనం ‘కొనడానికి ఇష్టపడతాడు’, బీమాకు ఎంత కట్టడానికి ‘సిద్ధంగా ఉంటాడు’ అని లెక్కకట్టి, ఆ లెక్కల మీద ప్రభుత్వాలకు సలహాలు చెబుతారు. ధరల విధానం, బీమా పథకం, విత్తనాల రేట్లు, పనుల మంజూరు — వీటన్నిటి వెనకా ఈ లెక్కలు పనిచేస్తున్నాయి. కనుక రైతులూ, కూలీలూ ఈ లెక్కల గుట్టు కొంతైనా తెలుసుకోవలసిన అవసరం ఉందని మేం భావిస్తున్నాం. (2022లో జిల్లాలను విడగొట్టాక పల్నాడు, బాపట్ల వేరు జిల్లాలయ్యాయి. ఇక్కడ మేం చెప్పేది పాత గుంటూరు, పాత ప్రకాశం జిల్లాల సంగతి.)

ఏమిటీ లెక్క?

పద్ధతి పైకి తేలికే. రైతు ముందు మూడు దారులున్నాయనుకుందాం: పత్తి, మిర్చి, శనగ. ఒక్కోదానికి ధర ఎంత, ఖర్చెంత, తెగులు భయమెంత, నీళ్లెన్ని కావాలి అని చూసి మార్కులు వేస్తారు. ఎక్కువ మార్కులు వచ్చిన దాన్ని ఎక్కువమంది ఎంచుకుంటారు. వేలమంది నిజంగా ఏం వేశారో చూసి, ధరకు ఎన్ని మార్కులు, భయానికి ఎన్ని మార్కులు అన్నది వెనక్కి లెక్కగడతారు. ఆ తర్వాత, ‘క్వింటాలుకు వెయ్యి రూపాయలు పెరిగితే నూటికి ఎంతమంది మిర్చికి మారతారు?’ అనే ప్రశ్నకు జవాబు చెబుతారు. దీన్నే గణాంక నమూనా అంటారు.

ఈ పద్ధతికి గట్టి పునాది వేసినవాడు డేనియల్ మెక్‌ఫాడెన్ అనే అమెరికా ఆర్థికవేత్త. 1970ల్లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో కొత్త రైలు మార్గం వేస్తే పనికి పోయే వాళ్లలో ఎంతమంది ఎక్కుతారని ఆయన లెక్కగట్టాడు. అధికారుల అంచనా నూటికి 15 మంది. ఆయన చెప్పింది 6.3. చివరికి ఎక్కింది 6.2. ఆయనకు 2000 సంవత్సరంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. కాబట్టి ఈ లెక్కలను బూటకమని కొట్టిపారేయడం తెలివైన పని కాదు.

మన దేశంలో ఇలాంటి లెక్క రైతుకు మేలు చేసిన సందర్భమూ ఉంది. భారత రైతు ఆచారాలకు బానిస, ధర పెరిగినా తగ్గినా వాడికి పట్టదు, తాతలు వేసిందే వేస్తాడు అని పెద్ద పెద్ద చదువుకున్నవాళ్లు రాసిన రోజులున్నాయి. మార్క్ నెర్లోవ్ 1950ల్లో తయారుచేసిన సమీకరణాన్ని తీసుకుని, రాజ్ కృష్ణ అనే మన ఆర్థికవేత్త దేశ విభజనకు ముందటి పంజాబు లెక్కలకు అన్వయించాడు. పత్తి ధరను బట్టి రైతు విస్తీర్ణాన్ని మారుస్తాడని 1963లో అచ్చైన వ్యాసంలో రుజువు చేశాడు. రైతు మొద్దు కాదు, లెక్క తెలిసినవాడే అని ఆ అంకెలు చాటాయి. మన ఊళ్లో ముసలాయన్ని అడిగినా ఆ మాటే చెప్పేవాడు. కాని పాలకులకు ఊరి ముసలాయన మాట కన్నా సమీకరణం మీదే గురి ఎక్కువ!

తెలిసీ వాడుకోని లెక్క

ఆ సమీకరణం చెప్పే సంగతి చిన్నదే. నిరుడు ధర బాగుంటే ఈ ఏడు విస్తీర్ణం పెరుగుతుంది. అందరూ వేస్తే సరుకు ముంచెత్తుతుంది, ధర కూలుతుంది. ధర కూలితే మరుసటి ఏడు తగ్గిస్తారు. మళ్లీ ధర లేస్తుంది. మిర్చి రైతుకు ఇది పుస్తకంలో చదవాల్సిన పాఠం కాదు, ఒంటి మీద వాతలు పడ్డ పాఠం.

2016లో మిర్చికి మంచి ధర పలికింది. ఆ ధర చూసి వేసిన పంట 2017 వేసవిలో యార్డులకు వచ్చేసరికి కొనేవాడు లేడు. గుంటూరు యార్డులో టిక్కీలు గుట్టలు పడ్డాయి. ఖమ్మంలో కడుపు మండిన రైతులు మార్కెట్ కార్యాలయం మీద విరుచుకుపడితే, అరెస్టు చేసి చేతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకువచ్చారు. మే నెలలో కేంద్రం క్వింటాలు 5,000 రూపాయల చొప్పున, ఆంధ్రప్రదేశ్‌లో 88,300 టన్నులు కొంటామని ప్రకటించింది. అప్పటికి చిన్న రైతు సరుకు అప్పులవాడి పద్దులో కలిసిపోయింది.

మళ్లీ అదే కథ. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చేసింది. సరుకు తగ్గింది, ధర లేచింది, విస్తీర్ణం పెరిగింది, ధర పడింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన, 2.91 లక్షల టన్నుల వరకు మార్కెట్ జోక్యం పథకం ప్రకటించింది. ధర పడిపోయాకే ప్రకటన, కళ్లాల్లోకి కాయలు వచ్చాకే ప్రకటన.

పత్తికి పేరుకైనా కనీస మద్దతు ధర ఉంది, సీసీఐ ఉంది. మిర్చికి మద్దతు ధరే లేదు. ధర పడుతుందని అర్ధ శతాబ్దం కిందటి సమీకరణమే ముందుగా చెప్పగలుగుతుంటే, నారు పోయకముందే ‘ఇంతకు తక్కువైతే మేం కొంటాం’ అని చెప్పడానికి సర్కారుకు అడ్డేమిటి? లెక్క తెలియక కాదు. ఆ లెక్కను రైతు పక్షాన వాడే ఉద్దేశం లేక. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత మన రైతుకు ఊరికే పుట్టలేదు.

నాణెం ఆట చెప్పిన నిజం

పేద రైతు భయస్తుడు, సాహసం చెయ్యడు, అందుకే వెనకబడ్డాడు — ఈ మాట వ్యవసాయ సదస్సుల్లో మనం ఎన్నిసార్లు వినలేదు? దీన్ని పరీక్షకు పెట్టిన ప్రయోగం తెలుగు నేల మీదనే జరిగింది.

పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ సంస్థ 1975 నుంచి కొన్ని మెట్ట గ్రామాలను ఏళ్ల తరబడి పరిశీలించింది. వాటిలో పాలమూరు జిల్లా ఔరేపల్లి, దోకూరు ఉన్నాయి. ఆ సంస్థలో పనిచేసిన హాన్స్ బిన్స్‌వాంగర్ 240 కుటుంబాలతో ఒక ఆట ఆడించాడు. నాణెం ఎగరేస్తారు. ఒక వరస కోరుకుంటే బొమ్మ పడ్డా బొరుసు పడ్డా 50 పైసలు ఖాయం. ఇంకో వరస కోరుకుంటే ఒక వైపు పడితే సున్న, రెండో వైపు పడితే 2 రూపాయలు. మధ్యలో ఇంకా కొన్ని వరసలు. ఎవరికి ఇష్టమైంది వాళ్లు కోరుకోవచ్చు, గెలిచిన డబ్బు నిజంగానే చేతికిస్తారు. పందెం పెంచుకుంటూ పోయారు. చివరికి వచ్చే సొమ్ము అప్పట్లో ఒక కూలి మనిషి నెల సంపాదనను మించింది.

1980లో అచ్చైన ఫలితం ఇది: పందెం పెద్దదైనప్పుడు దాదాపు అందరూ ఒకే మోతాదులో జాగ్రత్త పడ్డారు. ఆస్తి ఉన్నవాడికీ లేనివాడికీ గుండె ధైర్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

దీని అర్థం ఏమిటి? ఊళ్లో ఆసామి కొత్త వంగడం వేసి, బోరు వేసి, సరుకు కోల్డ్ స్టోరేజిలో పెట్టి ధర కోసం కాచుకోగలుగుతున్నాడంటే అతని రక్తంలో సాహసం ఎక్కువై కాదు. బ్యాంకు అప్పు అతనికి అందుతుంది, నీళ్లు అతని చేనుకు ముందు పారతాయి, సరుకు ఆపుకునే శక్తి అతనికుంది. సాగర్ కుడికాలువ చివరి భూముల కౌలుదారు అలా చెయ్యలేకపోతున్నాడంటే పిరికివాడై కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయినవాడు అడుగు ఆచితూచి వేస్తాడు. తేడా మనసులో లేదు, కట్టుబాట్లలో ఉంది. మరి ‘రైతు మనస్తత్వం మార్చాలి’ అని సదస్సులు పెట్టే డబ్బుతో కౌలుదారుకు అప్పు ఎందుకివ్వరు?

ఆ ప్రయోగంలో ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆట ఆడించక, ఇంటికి వెళ్లి నోటితో ప్రశ్నలడిగి రాసుకున్న జవాబులు, ఆటలో తేలిన ఫలితాలతో ఏమాత్రం పొసగలేదు. అడిగే మనిషిని బట్టి జవాబు మారింది. నోటి మాటను పట్టుకుని విధానాలు రాయడం ఎంత ప్రమాదమో ఇది చెబుతుంది.

చేతిలో డబ్బుంటే ‘ఇష్టం’ మారింది

వాన బీమా సంగతి చూడండి. 2003 నుంచి మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వర్షపాతం మీద బీమా అమ్మాయి. వాన తక్కువైతే పరిహారం. పుస్తకం ప్రకారం, నష్టానికి ఎక్కువ భయపడేవాడే ముందుగా కొనాలి. కాని 2004లో చేసిన సర్వేలో తలకిందులుగా తేలింది. జాగ్రత్తపరులే తక్కువగా కొన్నారు. చేతిలో డబ్బాడని కుటుంబాలు తక్కువగా కొన్నాయి. కొననివాళ్లలో చాలామంది, అదేమిటో మాకు అర్థం కాలేదు అన్నారు.

ఆ తర్వాత ఆంధ్ర, గుజరాత్ గ్రామాల్లో చేసిన ప్రయోగాల ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. బీమా గురించి చెప్పేటప్పుడు కొన్ని కుటుంబాలకు పాలసీ కొనేందుకు సరిపడా నగదు చేతిలో పెట్టారు. బీమా ధరను సగానికి సగం తగ్గించినా రానంత ఫలితం దాంతో వచ్చింది. నమ్మకమున్న మనిషి వెంట వచ్చి చెప్పినచోట కూడా అమ్మకం పెరిగింది.

విత్తనాలు, ఎరువుల ఖర్చుతో కొంగు ఖాళీ అయ్యే అదనులో బీమా అమ్మి, కొనకపోతే ‘రైతుకు ఇష్టం లేదు’ అని రాసేస్తే అది ఎవరి తప్పు? ఇష్టం లేక కాదు, చేతిలో పైసా లేక. లెక్క రాసేవాడి పట్టికలో ఆ రెండూ ఒకే గడిలో పడతాయి.

విత్తనం ప్యాకెట్టు దగ్గర

మన జిల్లాల పత్తి రైతుకు 1987-88 మరచిపోలేని ఏడు. పత్తి చేల మీద తెల్లదోమ విరుచుకుపడింది. పైరిత్రాయిడ్ మందులు ఎన్నిసార్లు కొట్టినా శనగపచ్చ పురుగు చావలేదు. ఆ పురుగు మందుకు అలవాటుపడిందని శాస్త్రజ్ఞులు తర్వాత పరీక్షల్లో తేల్చారు. పంట పోయి, మందుల కొట్టు అప్పు తీర్చలేక ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి భయం పెనవేసుకున్న నేల మీదకు 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది.

2005 నాటికి 450 గ్రాముల ప్యాకెట్టు ధర 1,600 రూపాయలకు పైమాటే. అందులో 1,250 రూపాయల దాకా మోన్‌శాంటో కూటమికి పోయే జన్యువు రుసుమే. రైతు సంఘాలు గొడవ చేశాయి. 2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ దగ్గరకు వెళ్లింది. అదే ఏడాది మేలో కమిషన్ రుసుము తగ్గించమంది. రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్టు ధర 750 రూపాయలుగా ఖరారు చేసింది. 2007లో పత్తి విత్తనాల ధర నిర్ణయించే అధికారం తనకే ఉండేలా రాష్ట్రం చట్టం చేసుకుంది.

ఇప్పుడు ‘ఎంపిక’ లెక్క సంగతి చూద్దాం. సదాశివప్ప, ఖైమ్ అనే పరిశోధకులు మన రాష్ట్రంతో సహా నాలుగు రాష్ట్రాల పత్తి రైతులను అడిగి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. బీటీ విత్తనానికి ఎక్కువ ధర పెట్టడానికి రైతులు సిద్ధంగానే ఉన్నారని అందులో తేలింది. ధర తగ్గించడం వల్ల రైతు లాభం పెరిగిందనీ, బీటీ వాడకం మాత్రం పెద్దగా పెరగలేదనీ తేలింది. అక్కడి నుంచి, ధరలకు పగ్గం వేస్తే కంపెనీలు కొత్త పరిశోధనల మీద డబ్బు పెట్టవని హెచ్చరిక చేశారు.

అంకెలతో మాకు పేచీ లేదు. రైతు చేతిలో డబ్బు మిగిలిందని ఆ అంకెలే ఒప్పుకున్నాయి. మా పేచీ అల్లా ‘సిద్ధంగా ఉన్నాడు’ అనే మాటతో. పురుగుకు చేను రెండుసార్లు అర్పించుకున్న రైతు విత్తనానికి ఎంతైనా ఇస్తానంటాడు. ఎండలో నాలుక పిడచకట్టుకుపోయినవాడు గ్లాసు నీళ్లకు ఎంతైనా ఇస్తానంటాడు. అది నీళ్ల న్యాయమైన ధర అవుతుందా? ఎంత పిండవచ్చో చెప్పే లెక్కను, ఎంత తీసుకోవడం న్యాయమో చెప్పే లెక్కగా చలామణి చేయడమే మోసం. 1,600 రూపాయలను 750కి దించింది ఏ నమూనా కాదు. ఆందోళన, దానికి తలొగ్గి కదిలిన ప్రభుత్వం.

ఇంకో చిక్కు ఉంది. మెక్‌ఫాడెన్ పద్ధతిలోనే ఒక లోపం ఉందని ఆర్థికవేత్తలే చెబుతారు. ఊరికి ఎర్ర బస్సు ఒకటి నడుస్తుంటే, దానికే నీలం రంగు వేసి ఇంకోటి దింపారనుకోండి. నమూనా దాన్ని కొత్త దారిగా లెక్కపెడుతుంది. ప్రయాణికుడికి మాత్రం ఉన్నది బస్సు ఒకటే. మన విత్తనాల కొట్లో జరిగేది అదే. వందలాది హైబ్రిడ్ల పేర్లు, వందలాది రంగుల ప్యాకెట్లు. చాలావాటి లోపలున్నది అదే జన్యువు, రుసుము ఉన్న రోజుల్లో అది చేరింది అదే కూటమికి. రంగులు లెక్కపెట్టి ‘రైతుకు విస్తారమైన ఎంపిక దొరికింది’ అంటారు!

వరంగల్ జిల్లాలో పత్తి విత్తనాల ఎంపికను ఏళ్ల తరబడి పరిశీలించిన గ్లెన్ స్టోన్ 2007లో రాసిన వ్యాసం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఒక ఊరు ఊరంతా ఒక ఏడు ఒకే విత్తనం కోసం ఎగబడుతుంది. మరుసటి ఏడు దాన్ని వదిలేసి ఇంకోదాని వెంట పడుతుంది. పక్క ఊళ్లో వేరేది. నేల, నీళ్ల తేడాలతో దానికి పొంతన లేదు. పేర్లు అంత వేగంగా మారిపోతుంటే రైతు తన చేలో పరీక్షించి తెలుసుకునే వ్యవధే లేదని ఆయన చెప్పాడు. మరి ఆ కొనుగోళ్లను ‘రైతు తెలిసి చేసిన ఎంపిక’గా పట్టికలో ఎక్కిస్తే, ఆ పట్టిక విలువెంత?

లెక్కలోకి రానివాళ్లు

మెక్‌ఫాడెన్‌తో పాటు అదే ఏడు అదే బహుమతి అందుకున్న జేమ్స్ హెక్‌మన్ చెప్పిన సంగతి మరీ ముఖ్యం. పట్టికలో కనపడని వాళ్లను వదిలేసి, కనపడేవాళ్లతోనే లెక్కగడితే లెక్క తప్పుతుంది. పని దొరికిన వాళ్ల కూలి మాత్రమే చూసి, దొరకని వాళ్ల సంగతి తేల్చలేం. మన మైదానంలో పట్టికకు దొరకని వాళ్లెవరు?

మొదటివాడు కౌలుదారు. పాస్‌బుక్కు యజమాని పేరున, చెమట కౌలుదారుది. పాస్‌బుక్కులను బట్టి రైతుల జాబితా తీస్తే, హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న యజమాని ‘ఎంపిక’ నమోదవుతుంది. 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి కౌలుదారుకు కార్డు ఇవ్వడానికి. 2019 చట్టం ప్రకారం కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. కౌలు పెట్టే చేతిలోనే కలం కూడా పెట్టారన్నమాట.

రెండోది అప్పు. 2019 జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో నూటికి 93.2 అప్పుల్లో ఉన్నాయని తేలింది. సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశం సగటు 74,121. కమీషన్ వ్యాపారి దగ్గర పెట్టుబడి తెచ్చినవాడు ఆ వ్యాపారికి పనికొచ్చే పైరే వేయాలి, అతని ద్వారానే అమ్మాలి. అప్పిచ్చినవాడి ఇష్టం, రైతు ఇష్టం పేరుతో లెక్కకెక్కుతుంది.

మూడోవాళ్లు, అందరికన్నా ముఖ్యులు, కూలీలు. ఏ పైరు వేయాలన్న ప్రశ్న కూలీని ఎవరూ అడగరు. కాని పైరు మారితే ముందు మారేది కూలీ బతుకే. పత్తి అయితే మూడు నాలుగు తీతలు, మిరప అయితే రెండు మూడు కోతలు, తర్వాత కళ్లంలో ఎండబెట్టడం, తాలు ఏరడం. ఇందులో అధిక భాగం ఆడవాళ్ల పని. దాని బదులు యంత్రంతో కోసే శనగ వస్తే ఎకరానికి ఎన్ని పనిదినాలు పోతాయి? ‘పంట మార్పిడి ప్రోత్సహించాలి’ అని సలహా చెప్పే నమూనాలో రైతు రాబడికి గడి ఉంటుంది. పోయిన పనిదినానికి గడి ఉండదు.

మిరప కోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలు పిల్లాజెల్లాతో గుంటూరు చేలకు తరలివస్తాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం అమల్లో ఉండగా ఒక వాదన తెచ్చారు: కూలి తక్కువ పెడితే నిజంగా అవసరమున్నవాడే వస్తాడు, ఎంపిక దానంతట అదే జరుగుతుంది అని. పని సకాలంలో ఇవ్వక, ఇచ్చిన పనికి కూలి నెలల తరబడి ఆపి, జనం వలస పోయాక ‘ఈ ఊళ్లో పనికి గిరాకీ లేదు’ అని రాసుకుంటే దాన్నేమనాలి? బండెక్కిన కుటుంబం ఎంచుకున్నది గుంటూరును కాదు. ఆకలిని తప్పించుకునే దారిని.

మనం అడగవలసినవి

ఇంతా చెప్పింది లెక్కలను తగలబెట్టమని కాదు. కరణం చేతి దస్త్రం ఊరికి అర్థం కాని రోజుల్లో ఎవరికి లాభం జరిగిందో మనకు తెలుసు. ఈనాటి దస్త్రం కంప్యూటర్లో ఉంది, అంతే తేడా. దాన్ని విప్పి చూపమనే హక్కు మనది. ఉపాధి పనుల మీద సామాజిక తనిఖీని 2006 నుంచి ఊరూరా నడిపి, మస్టర్లను గ్రామసభలో బిగ్గరగా చదివించిన రాష్ట్రం మనది. మస్టరును చదివించగలిగినప్పుడు సర్వే పట్టికను ఎందుకు చదివించలేం?

కనుక సంఘాల కార్యకర్తలు, ఊళ్లోకి సర్వే పేరుతో ఎవరొచ్చినా ఈ ప్రశ్నలు వేయాలి. ఎవరిని అడుగుతున్నారు — పాస్‌బుక్కున్న వాణ్ణా, చేలో ఉన్నవాణ్ణా? కూలీ ఇంటికి, అందులోనూ ఆడ కూలీ దగ్గరకు వెళ్తున్నారా? ‘ఇష్టం’ అడిగే ముందు అప్పు, నీళ్లు, కౌలు సంగతి అడుగుతున్నారా? ఈ లెక్క ఎవరి డబ్బుతో చేస్తున్నారు, ఫలితం ఊరికి ఎప్పుడు చెబుతారు?

ప్రభుత్వాన్ని అడగవలసినవి కూడా స్పష్టం. మిర్చికి నారు పోయకముందే మద్దతు ధర ప్రకటించాలి. విత్తనం ధరను రైతు ‘సిద్ధపడే’ మొత్తాన్ని బట్టి కాక, తయారీ ఖర్చును బట్టి కట్టాలి. భూయజమాని సంతకంతో పనిలేకుండా, గ్రామసభ సాక్ష్యంతో కౌలుదారును గుర్తించి అప్పు, బీమా ఇవ్వాలి. పైరు మార్చమని చెప్పే ప్రతి పథకంలోనూ ఎన్ని పనిదినాలు పోతాయో, వాటి బదులు ఏం పని చూపుతారో ముందే రాయాలి.

కట్టుబాట్ల మధ్య నిలబడ్డ మనిషి ఎటు అడుగు వేశాడో నమూనా చెప్పగలదు, ఒక్కోసారి చాలా కచ్చితంగా చెప్పగలదు. ఆ కట్టుబాట్లు ఎవరు కట్టారో మాత్రం చెప్పదు. భూమి, అప్పు, నీళ్లు, ధర — ఈ నాలుగింటి దగ్గరా కంచె కదిలితే రైతు ఎంపిక తనంతట తానే మారుతుంది. దాన్ని కదిలించడం గణాంకవేత్త పని కాదు. అది సంఘటితపడ్డ రైతులూ, వ్యవసాయ కూలీలూ చేయవలసిన పని.